పట్టు ఎవరిది: కోతిపిల్లదా, తల్లిపిల్లిదా?

కాచిగూడలో ఎంఎంటీఎస్ ఎక్కి ఫలక్‌నుమా వైపు వెళ్తే మలక్‌పేట, డబీర్‌పురా, యాకుత్‌పురా దాటాక ఉప్పుగూడ వస్తుంది. జనం నోట అది ఉప్పుగూడే. రైల్వేవారి ఇంగ్లీషు రాతలో మాత్రం ముందు ఒక 'హ' చేరి హుప్పుగూడ అయింది. స్టేషన్ ఒకటే. ఎవరి పరిధిలో ఉంటే వాళ్ల పిలుపు.

ఆ రైలు పెట్టెలో ఫోన్ చెవిన పెట్టుకున్నవాళ్లు ఎప్పుడూ నలుగురైదుగురు ఉంటారు. "హలో, వినిపిస్తోందా? ఆఁ, ఇప్పుడు చెప్పు" అని ఒకసారి గొంతు పెంచి, స్టేషన్ వచ్చేసరికి మళ్లీ మామూలు మాటల్లో పడతారు. ఈ మధ్యలో జరిగిన పని వాళ్లకు తెలియదు. వెనకబడిపోయిన టవర్ ఒకటి ఆ ఫోన్‌ను ముందున్న టవర్‌కు అప్పగించింది. పొరుగింటావిడ చంకలోని బిడ్డను చెయ్యి చాచి అందుకున్నట్టు, అప్పగింత అంతా పెద్దవాళ్ల మధ్యనే సాగింది. బిడ్డను ఎవరూ అనుమతి అడగలేదు.

ఆ మనిషే ఉప్పుగూడలో దిగి ఇంటికి చేరితే లెక్క మారిపోతుంది. ముందు గదిలో ఒక వైఫై డబ్బా, మేడ మీద ఇంకొకటి ఉన్నాయనుకుందాం. మెట్లెక్కుతుంటే కింది డబ్బాను ఎప్పుడు వదలాలో, పై డబ్బాను ఎప్పుడు పట్టుకోవాలో తేల్చుకునేది ఫోనే. డబ్బాలు రెండూ చూస్తూ కూర్చుంటాయి. మొబైల్ నెట్‌వర్క్‌లో మాట నడుస్తుండగా నిర్ణయం నెట్‌వర్క్‌ది. వైఫైలో నిర్ణయం పట్టుకున్నవాడిది. ఒకే జేబులో ఉండే ఒకే యంత్రం, రెండు విధాల అనుబంధం.

ఈ తేడాను తెలుగువాళ్లు హరికథల్లోనో పెద్దల మాటల్లోనో ఎప్పుడో విన్నారు. మర్కట కిశోర న్యాయం, మార్జాల కిశోర న్యాయం. కోతిపిల్ల తల్లి పొట్టను తానే కరుచుకుంటుంది. తల్లి కొమ్మ నుంచి కొమ్మకు దూకుతుంటే పట్టు వదలకుండా ఉండటం పిల్ల పూచీ. పిల్లికూనకు ఆ బాధ లేదు. తల్లే మెడ మీద పళ్లతో మెత్తగా కరిచి ఏడిళ్లు తిప్పుతుంది. రామానుజుల తరవాత శ్రీవైష్ణవం రెండు పాయలైనప్పుడు ఈ రెండు పిల్లలే వాదానికి గుర్తులయ్యాయి. కాంచీపురం దగ్గర తూప్పుల్‌లో పుట్టిన వేదాంత దేశికులను ఆచార్యుడిగా కొలిచే వడగలైవారు జీవుడి వైపు నుంచి శరణాగతి అనే చిన్న ప్రయత్నమైనా ఉండాలన్నారు. శ్రీరంగం పిళ్లై లోకాచార్యుల మాటను ప్రమాణంగా తీసుకున్న తెంగలైవారు కరుణకు ఆ మాత్రం సాకు కూడా అక్కర్లేదన్నారు. రెండు శాఖల మధ్య పద్ధెనిమిది భేదాలు లెక్కపెడతారు. జనానికి గుర్తున్నవి మాత్రం కోతీ పిల్లీ. మూసీ ఒడ్డున జియాగూడ రంగనాథుడి గుడికి పోయేవాళ్లకు ఇది పరాయి గొడవేం కాదు, ఆ పేటకు పేరే జియ్యరు స్వామి వల్ల వచ్చిందంటారు.

ఏడు వందల ఏళ్ల నాటి ఈ తగువు ఇప్పుడు చక్రాల మీద తిరిగే యంత్రాల దగ్గర మళ్లీ తలెత్తింది.

రోబో అంటే చాలామందికి 2010 నాటి రజనీకాంత్ సినిమా గుర్తొస్తుంది. అదే ఏడాది కాలిఫోర్నియాలోని విల్లో గ్యారేజ్ సంస్థ పీఆర్2 అనే రోబోలు 11 తయారుచేసి, పరిశోధన కోసం విశ్వవిద్యాలయాలకూ ప్రయోగశాలలకూ ఇచ్చింది. రెండు చేతులు, కింద చక్రాలు, లోపల లైనక్స్ కంప్యూటర్లు. అది గదుల్లో తిరుగుతుంటే దానితో మాట కలుపుతూ ఉండటం ఎలా అన్నది ఆనాటి ఇంజనీర్లకు నిజంగా తలనొప్పే. ఇవాళ హైదరాబాద్‌లో ట్రిపుల్ ఐటీకి రోబోటిక్స్ పరిశోధన కేంద్రం ఉంది. తెలంగాణ ప్రభుత్వం 2023 మేలో రోబోటిక్స్ కోసం ప్రత్యేక విధానమే ప్రకటించింది. ఎక్కడి రోబో అయినా నడవ మలుపు తిరిగితే ఈ తలనొప్పి తప్పదు.

ఒక గోదాములో సామాన్లు మోసే రోబో ఇనుప అరల మధ్య సెకనుకు ఒక మీటరు చొప్పున పోతోందనుకుందాం. పైకప్పుకు అక్కడక్కడా వైఫై డబ్బాలు, అంటే యాక్సెస్ పాయింట్లు, తగిలించి ఉంటాయి. రోబో వినే సంకేతం బలాన్ని డీబీఎంలలో చెబుతారు, అంకె ముందు మైనస్ ఉంటుంది. మైనస్ 50 అంటే పక్కనే కూర్చుని మాట్లాడినట్టు. పది తగ్గితే బలం పదో వంతుకు పడిపోతుంది. రోబో అర చివర మలుపు తిరిగింది. మైనస్ 62, మైనస్ 68, మైనస్ 75. నెత్తి మీదే కొత్త డబ్బా మైనస్ 55తో పిలుస్తోంది. అయినా రోబో పాతదాన్నే పట్టుకుని వేలాడుతుంది. సందేశాలు పోతాయి, మళ్లీ పంపుతుంది, మళ్లీ పోతాయి. నెట్‌వర్క్ పనివాళ్లు దీన్ని స్టికీ క్లయింట్ అంటారు. తెలుగులో అంతకన్నా మంచి మాట ముందే ఉంది: ఉడుం పట్టు.

సరే, త్వరగా వదిలెయ్యమని నేర్పితే? అప్పుడు ఇంకో జబ్బు. రెండు డబ్బాల నడిమధ్యలో నిలబడ్డ రోబోకు ఈ క్షణం ఇది బలంగా, మరుక్షణం అది బలంగా వినిపిస్తుంది. ఇటు దూకి, అటు దూకి, ఏదీ కుదరక గోడ మీద పిల్లి అవుతుంది. దీనికి మందు, వదలడానికి ఒక హద్దూ మారడానికి ఒక తేడా పెట్టడం. ఆపిల్ సంస్థ ఐఫోన్ల గురించి ఈ అంకెలు బయటికే చెప్పింది. సంకేతం మైనస్ 70కి పడేదాకా ఐఫోన్ పాత డబ్బాతోనే ఉంటుంది. పడ్డాక వెతుకుతుంది. కొత్తది కనీసం 8 డెసిబెల్స్ మెరుగైతేనే మారుతుంది. అదీ ఏదో పంపుతూనో అందుకుంటూనో ఉంటే. ఊరికే ఉన్న ఫోన్ అయితే 12 డెసిబెల్స్ తేడా కావాలి. పనిలో ఉన్నవాడు ఎనిమిదికే కదులుతాడు, ఖాళీగా కూర్చున్నవాడిని లేపడానికి పన్నెండు కావాలి! వైరాగ్యం గురించి రాసేవాళ్లకు ఈ అంకెలు పనికొస్తాయి.

మారడానికి పట్టే సమయం దేనికి ఖర్చవుతుందో మేరీలాండ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2003లో కొలిచారు. పాతదాన్ని విడిచి కొత్తదానిలో చేరే కాలంలో 90 శాతానికి పైగా వెతుకులాటకే పోతోందని తేలింది. యాక్సెస్ పాయింట్ "నేనిక్కడ ఉన్నాను" అని మామూలుగా 102.4 మిల్లీసెకన్లకు ఒకసారి చాటుతుంది. ఒక్కో చానల్ మీద చెవి పెట్టి ఆ చాటింపు కోసం ఆగుతూ పోతే సెకన్లు దొర్లిపోతాయి. ఆ సెకన్లలో రోబో ఒకటి రెండు మీటర్లు ముందుకు పోయి ఉంటుంది.

ఇక్కడ ఒక మాట ఆశ్చర్యం కలిగిస్తుంది. లైనక్స్ మీద నడిచే రోబోల్లో వైఫై సంబంధాన్ని చూసుకునే ప్రోగ్రాము పేరు 'డబ్ల్యూపీఏ సప్లికెంట్'. ఆ మాట 802.1ఎక్స్ అనే ప్రమాణంలోది. లోపలికి రానివ్వమని అడిగే యంత్రం సప్లికెంట్, వాకిట్లో ఆపేది అథెంటికేటర్, వెనక కూర్చుని సరే అనో వద్దనో చెప్పేది ఒక సర్వర్. సప్లికెంట్ అంటే లాటిన్ మూలంలో మోకరిల్లి వేడుకునేవాడు. ఇంజనీర్లు వేదాంతం ఉద్దేశించి ఆ పేరు పెట్టి ఉండరు. అయినా జయవిజయులు కాపలా ఉన్న వాకిలి ముందు చేతులు జోడించిన ప్రపన్నుడి బొమ్మ అచ్చంగా అక్కడ వచ్చి కూర్చుంది. వైఫై వడగలై పక్షమేనని ఎవరైనా అంటే కాదనడం కష్టం.

వదిలిన చెయ్యికీ పట్టుకోబోయే చెయ్యికీ నడుమ సంగతేమిటి? ఒకే రేడియో ఉన్న యంత్రం ఒక క్షణం పాటైనా ఎవరికీ చెందకుండా ఉంటుంది. త్రిశంకు స్వర్గమన్న మాట. బృహదారణ్యకోపనిషత్తు నాలుగో అధ్యాయంలో యాజ్ఞవల్క్యుడు జనకుడికి మరణం గురించి చెబుతూ గడ్డిపరక మీది జలగ లాంటి పురుగును పోలిక తెస్తాడు. అది పరక కొసకు చేరి, ఇంకో పరకను ముందు పట్టుకుని, ఆ తరవాతే వెనక శరీరాన్ని లాక్కుంటుంది. ఆత్మ కూడా అంతేనట. అంటే ఉపనిషత్తు లెక్కలో ఖాళీ లేదు. పట్టుకున్నాకే వదలడం.

ఇంజనీర్లు కూడా ఆ పురుగు దారినే వెళ్లి చూశారు. రోబోకు రెండు రేడియోలు పెట్టి, ఒకటి పాత డబ్బాతో ఉండగానే రెండోదాన్ని కొత్తదానితో కలిపారు. పీఆర్2 లాంటి రోబోలకు ఇలా ఒకటికి మించిన దారులను వాడుకునే ప్రోగ్రాములు వచ్చాయి. రెండు పడవల మీద కాళ్లు పెట్టకూడదంటారు పెద్దలు. పడవ మారే ఆ ఒక్క క్షణం మాత్రం పెట్టక తప్పదు.

గుళ్లకు ఈ కిటుకు పాతదే. మూలవిరాట్టు ఉన్న ఆలయాన్ని బాగుచేయాలంటే ఆగమం ప్రకారం ముందు బాలాలయం సిద్ధం చేస్తారు, కళను కలశంలోకి ఆవాహన చేస్తారు, ఆ తరవాతే గుడిలో ఉలి కదులుతుంది. యాదగిరిగుట్టలో 2016 ఏప్రిల్‌లో బాలాలయం మొదలై, 2022 మార్చి 28న మహాకుంభ సంప్రోక్షణ జరిగేదాకా భక్తులు దాదాపు ఆరేళ్లు అక్కడే దర్శనం చేసుకున్నారు. ఒక్క పూటైనా స్వామికి ఆరాధన ఆగకూడదన్నది నియమం. పాత చోటు ఖాళీ అయ్యేసరికి కొత్త చోట దీపం వెలుగుతూ ఉండాలి.

బౌద్ధులు మాత్రం ఉపనిషత్తులోని పురుగు కథను ఒప్పుకోరు. పరక మారే పురుగే లేదంటారు. మళ్లీ పుట్టేవాడు ఆ మనిషేనా, వేరా అని మిలింద రాజు అడిగిన ప్రశ్నకు భిక్షువు నాగసేనుడు దీపం చూపించాడు. మొదటి జాములో వెలిగిన మంట, చివరి జాములో వెలిగిన మంట ఒకటేనా? ఒకటే అనలేం, వేరనీ అనలేం. రోబో విషయంలో ఈ జవాబు వింతగా అతుకుతుంది. డబ్బా మారినప్పుడల్లా మాటలను భద్రపరిచే రహస్య తాళం కొత్తది పుడుతుంది, పాతది చెత్తలోకి పోతుంది. ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నంతవరకు ఐపీ చిరునామా మాత్రం అదే ఉంటుంది. పై నుంచి చూసేవాడికి అదే రోబో. కింది పొరలో చూస్తే క్షణం క్రితం ఉన్న సంబంధంలో ఏదీ మిగల్లేదు. బట్ట మార్చిన దేహి అన్న గీత పోలిక చిరునామాకు సరిపోతుంది, నాగసేనుడి దీపం తాళానికి సరిపోతుంది. ఏ పొర దగ్గర నిలబడి అడుగుతున్నామన్నదే తేడా. ఉప్పుగూడ చుట్టుపక్కల మసీదుల్లో ఇదే నడిమి కాలానికి ఇంకో పేరు వినిపిస్తుంది. బర్జఖ్. మరణానికీ తిరిగి లేపే దినానికీ మధ్య తెర అది. రెండు సముద్రాల మధ్య కలవనివ్వని హద్దుకూ ఖురాన్‌లో ఇదే మాట. ఆ తెర వెనక ఉన్నవాడు తనంతట తాను ఇటూ అటూ కదిలేది లేదు, వేచి ఉండటమే.

పిల్లికూన దగ్గరికి మళ్లీ వద్దాం. రైల్లో ఫోన్‌ను టవరే అప్పగిస్తుందని పైన చెప్పుకున్నాం. అది నిజమే కానీ సగం నిజం. తల నిండా ఎన్ని యాంటెనాలున్నా టవర్‌కు ఒకటి తెలియదు: ఫోన్ ఉన్న చోట పక్క టవర్ ఎంత బాగా వినిపిస్తోందో. అది వినగలిగేది ఫోనే. అందుకే ఫోన్ చుట్టూ ఉన్న టవర్లను కొలిచి, పక్కది ఇంత తేడాతో మెరుగైందని నివేదిక పంపుతుంది. దాన్ని చూసే నెట్‌వర్క్ అప్పగింత మొదలుపెడుతుంది. అంటే కూన మ్యావ్ అంటేనే తల్లికి కబురు. మార్జాల న్యాయం చెప్పినవాళ్లు కూన నోరు గురించి ఎక్కువ మాట్లాడలేదు. పిల్లి ఉన్న ఇంట్లో వారం రోజులుంటే ఎవరికైనా తెలిసే సంగతి అది.

తెలుగువాడికి ఇక్కడ గజేంద్రుడు గుర్తుకు రాకపోతే ఆశ్చర్యం. ఓరుగల్లు సీమ బమ్మెర పోతన చెప్పిన కథలో ఏనుగు వేయేళ్లు మొసలితో పెనుగులాడింది, అదంతా కోతిపిల్ల పట్టు. బలం సన్నగిల్లాక కేక పెట్టింది. ఆ కేక విని విష్ణువు ఉన్నపళంగా, పక్కనున్న లక్ష్మికి మాటైనా చెప్పకుండా బయల్దేరాడు. పెనుగులాటే రప్పించిందా, కేక రప్పించిందా, రెండూ కాక ఆయనే రాదలుచుకున్నాడా అని పండితులు వాదించుకోవచ్చు. మైనస్ 85 దాకా పాత డబ్బానే పట్టుకుని, కేక పెట్టడానికి కూడా సంకేతం మిగలని రోబోకు మాత్రం ఆ అవకాశం లేదు. మొర వినిపించాలంటే కొంచెం బలం ఉండగానే పెట్టాలి. మొబైల్ నెట్‌వర్క్‌ను అమర్చేవాళ్లు ఫోన్ పంపే నివేదికకు హద్దు పెట్టేది ఈ లెక్కతోనే.

వైఫైవాళ్లు కూడా చివరికి మెట్టు దిగారు. 2008లో వచ్చిన 802.11కె అనే సవరణతో యాక్సెస్ పాయింట్ తన పొరుగువాళ్ల జాబితాను ముందే ఇస్తుంది, కాబట్టి యంత్రం చీకట్లో అన్ని చానళ్లూ తడమక్కర్లేదు. అదే ఏడాది వచ్చిన 802.11ఆర్‌తో ప్రతి గుమ్మం దగ్గరా మొదటి నుంచీ వేడుకునే పని తప్పింది, తాళాలకు కావలసిన సరంజామా పొరుగు డబ్బాల దగ్గర ముందే సిద్ధంగా ఉంటుంది. 2011 నాటి 802.11వి ఇంకో అడుగు వేసింది. "నువ్వు ఫలానా దాని దగ్గరకు పోతే మేలు" అని నెట్‌వర్క్ సలహా చెప్పగలదు. వినడం, వినకపోవడం యంత్రం ఇష్టం. మరీ మొండికేస్తే "కాసేపట్లో నిన్ను తీసేస్తున్నా" అనే హెచ్చరిక కూడా అందులో ఉంది. కరుణ, స్వేచ్ఛ, చివరికి గెంటివేత, మూడూ ఒకే సందేశంలో!

ఇంత చూశాక ఒక తీర్పు చెప్పక తప్పదు. కొలవగలిగినవాడి దగ్గరే నిర్ణయం ఉండాలన్న వడగలై పట్టుదలలో నిజం ఉంది. పిల్ల ఉన్నచోట నిలబడి వినేది పిల్ల ఒక్కతే. కానీ ఆ పిల్లకు ముందున్న కొమ్మల పటం తల్లి ఇవ్వకపోతే దాని స్వేచ్ఛ మొత్తం వెతుకులాటకే చాలదు. 90 శాతం కాలం తడుములాటకు పోయినప్పుడు మిగిలిన పదిలో చేసిన నిర్ణయాన్ని సొంతమని చెప్పుకోవడం కాస్త అతిశయమే. ఆ తొంభైని తగ్గించేదే కరుణ అనుకుంటే రెండు పక్షాలూ ఒకరినొకరు ఓడించుకోవాల్సిన పని లేదు. నూటికి నూరుపాళ్లు తల్లే మోసే అనుబంధం లోకంలో లేదా అంటే, పాతబస్తీ వాళ్లు పూనకం చూపిస్తారు. ఆషాఢంలో బోనాల మర్నాడు ఘటాల ఊరేగింపులో ఉప్పుగూడ మహంకాళి ఘటం కూడా వెళ్తుంది. డప్పు మోత పెరుగుతుంటే పక్కన నిలబడ్డ ఏ ఇల్లాలి తల ఎప్పుడు ఊగుతుందో ఎవరూ చెప్పలేరు. సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి గుడిలో రంగం నాడు పచ్చికుండ మీద నిలబడి భవిష్యవాణి చెప్పే మనిషి మాట తనది కాదని అందరూ ఒప్పుకుంటారు. అక్కడ పట్టంతా అమ్మదే. అయినా ఆ కుండ మీద నిలబడేదాకా నడిచి వచ్చిన కాళ్లు మాత్రం మనిషివే.

మళ్లీ రైలు దగ్గరికి వస్తే, ఉప్పుగూడ పట్టాలు దక్షిణ మధ్య రైల్వేవి. రైళ్లు ఢీకొనకుండా చూసే 'కవచ్' వ్యవస్థను మొదట పరీక్షించింది ఈ రైల్వేలోనే, దాన్ని తయారుచేసిన మేధా, హెచ్‌బీఎల్, కెర్నెక్స్ మూడూ హైదరాబాద్ సంస్థలే. ఇంజను తన స్థానాన్ని స్లీపర్ల మీది ట్యాగుల నుంచి చదువుకుంటుంది, స్టేషన్లతో రేడియోలో మాట్లాడుతుంది, ఒక స్టేషన్ పరిధి దాటితే తరవాతి స్టేషన్‌తో మాట కలుపుతుంది. ముందు ఏముందో చెప్పేది స్టేషన్. ఎప్పుడు ఆగాలో లెక్క కట్టేది ఇంజనులోని పెట్టె. 2022 మార్చి 4న లింగంపల్లి–వికారాబాద్ సెక్షన్‌లో గుల్లగూడ, చిట్‌గిద్ద స్టేషన్ల మధ్య ఒకే పట్టా మీద రెండు ఇంజన్లను ఎదురెదురుగా నడిపారు. ఒకదానిలో రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్ ఉన్నారు. లోకో పైలట్ బ్రేకు వేయలేదు. ఇంజను తనంతట తాను ఆగింది, ఎదుటిదానికి 380 మీటర్ల దూరంలో.